గ్యాస్ సైట్‌లో ఫిట్టర్ పని – 6వ పాఠం: రవ్వ రాని సుత్తి, దాని దుమ్ము

పోయిన పాఠంలో ఫ్లాంజ్ బోల్టులు ఏ వరుసలో బిగించాలో చూశాం. ఈసారి పనిముట్ల సంగతి.

కోనసీమలో గ్యాస్ దగ్గర నిప్పురవ్వ ఎంత పని చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలింది. అందుకే ఇలాంటి చోట్ల ఇనప సుత్తి, ఇనప పానా పక్కనపెట్టి, ఇత్తడిలా మెరిసే రాగి మిశ్రమం పనిముట్లు వాడతారు. వీటిలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి అల్యూమినియం బ్రాంజ్. రెండోది బెరీలియం కాపర్, అంటే రాగిలో సుమారు 2 శాతం బెరీలియం అనే లోహం కలిపింది. గట్టిదనం దీనికే ఎక్కువ, ధర కూడా. రంగు చూసి తేడా పట్టలేం, లోహం మీద పంచ్ చేసిన అక్షరాలు చదవాలి. అవి అరిగిపోతే బెరీలియం ఉందనే అనుకుని పనిచేయండి.

చేత్తో పట్టుకుని బోల్టు తిప్పితే ఏమీ కాదు. గొడవంతా మరమ్మతులో ఉంది. కొట్టీ కొట్టీ సుత్తి అంచులు విచ్చుకుంటాయి, ఉలి మొద్దుబారుతుంది. వెంటనే ఎవరో ఒకరు గ్రైండర్ ఆన్ చేస్తారు. అప్పుడు లేచే సన్నటి దుమ్ములో బెరీలియం ఉంటుంది. వెల్డింగ్ పొగలోనూ, కరిగించినప్పుడు వచ్చే పొగలోనూ అంతే. అమెరికాలో 2017 నాటి నిబంధన ప్రకారం 8 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 0.2 మైక్రోగ్రాములు మించకూడదు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు. అంత కొంచెం కంటికి ఎలాగూ ఆనదు కాబట్టి 'దుమ్మేం లేదు కదా' అన్న మాట ఇక్కడ చెల్లదు.

ఆ దుమ్ము పీల్చిన అందరికీ జబ్బు రాదు. కొందరి ఒంట్లో మాత్రం రోగనిరోధక కణాలు బెరీలియం మీద పగబడతాయి. ఇందులో జన్యువుల పాత్ర కూడా ఉంది. అలాంటివాళ్లలో కొందరికి ఊపిరితిత్తుల్లో చిన్నచిన్న గడ్డలు కడతాయి. పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, నీరసం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు. నెలల్లో రావచ్చు, ఆ పని మానేసిన ఏళ్లకు కూడా రావచ్చు. లక్షణాలన్నీ టీబీలాగే ఉంటాయి, చిక్కంతా అక్కడే. కాకినాడ వెళ్లినా రాజమండ్రి వెళ్లినా, డాక్టరు అడగకపోయినా సరే, 'బెరీలియం లోహం గ్రైండింగ్ చేశానండి' అని మీరే చెప్పాలి. దీన్ని పట్టుకునే ప్రత్యేక రక్తపరీక్ష ఉంది కానీ, ఆ మాట చెబితేనే ఎవరికైనా అది గుర్తొస్తుంది. పూర్తిగా నయం చేసే మందు లేదు, స్టెరాయిడ్లతో అదుపులో పెడతారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కూడా ఉంది.

ఇక చేయాల్సిన పని. చితికిన సుత్తిని మార్చేయమని సూపర్‌వైజర్‌ని అడగడం మొదటి దారి, నా లెక్కలో అదే సరైన దారి. తప్పదనుకుంటే గ్రైండర్ ముట్టుకోకండి. వైస్‌లో బిగించి, తడుపుతూ, ఆకురాయితో నెమ్మదిగా రాయండి. దుమ్ము లాగే ఎగ్జాస్ట్ దగ్గర ఉండాలి. తువ్వాలు కట్టుకుంటే చాలదు. పీ100 లేదా పీ3 ఫిల్టరున్న రబ్బరు మాస్క్ కావాలి, గడ్డం ఉంటే అది ముఖానికి సరిగా అంటదు. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, రజను గుచ్చుకుంటే పుండు మానడం కష్టం. తర్వాత చీపురు పట్టొద్దు, గాలిగొట్టంతో ఊదొద్దు. ఆరకముందే తడిగుడ్డతో తుడిచి, గుడ్డతో సహా కవర్లో కట్టి, మీద 'బెరీలియం' అని రాసి స్టోర్‌కి ఇవ్వండి.

పనిబట్టలు ఇంటికి తీసుకెళ్లకండి. ఆ బట్టలు ఉతికిన ఇంటివాళ్లకు జబ్బు చేసిన కేసులు అమెరికాలో 1940ల్లోనే బయటపడ్డాయి.

పాత పనిముట్లను ఇత్తడి తుక్కుగా అమ్మడం ఇంకో తలనొప్పి. అవి ఇత్తడి సామాన్లు చేసే అజ్జరంలాంటి చోట ఏ కొలిమికో చేరితే, కరిగించే మనిషికి అందులో ఏముందో తెలిసే దారే లేదు. కంపెనీకే తిరిగి అప్పగించండి.

అభ్యాసం: మీ టూల్‌బాక్స్‌లో ఇత్తడి రంగు పనిముట్లన్నీ తీసి, మీద ఉన్న అక్షరాలు నోట్‌బుక్‌లో రాసుకోండి. అక్షరాలు లేనివాటికి ఎర్ర టేపు చుట్టండి. వచ్చే పాఠంలో ఎసిటిలీన్ సిలిండర్ దగ్గర రాగి పనిముట్లు ఎందుకు పనికిరావో చూద్దాం.