తూనీగ ఫొటో మసకగా వస్తోందా? సమస్య, కారణం, పరిష్కారం

తూనీగ ఫొటో స్పష్టంగా రావడం లేదని చూపించేవారిలో చాలామంది అప్పటికే లెన్స్ మార్చే ఆలోచనలో ఉంటారు. అంతకన్నా ముందు చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. దానికి అర నిమిషం చాలు, అయినా దాన్నే అందరూ దాటేస్తారు. ఫొటోను 100 శాతానికి పెంచి, తూనీగ కంటిని ఒక్కదాన్నే కాకుండా, అది వాలిన పుల్లను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూడాలి. ఫ్రేములో ఏ ఒక్కచోటా స్పష్టత లేకపోతే ఆ మసక కదలిక వల్ల వచ్చింది. కన్ను మసకగా ఉండి, దానికి కొంచెం ముందో వెనకో పుల్ల మీది నూగు స్పష్టంగా కనబడుతుంటే ఫోకస్ తప్పింది. ఇది తేల్చుకోకుండా సెట్టింగులు మార్చడం వల్ల ఏ ప్రయోజనమూ ఉండదు.

కింద చెప్పేవన్నీ 70-300 మి.మీ. వంటి టెలీ జూమ్‌తోనో, 100 మి.మీ. దరిదాపుల్లోని మాక్రో (చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసే) లెన్స్‌తోనో, ఏపీఎస్-సి సెన్సర్ (దాదాపు 24 మి.మీ. వెడల్పు) ఉన్న కెమెరాతో తీసేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి.

లక్షణం: ఫ్రేమంతా మసక, రెక్కల ఈనెలు జంటగీతల్లా కనబడటం

కారణం షట్టర్ స్పీడ్ చాలకపోవడమే. 300 మి.మీ. దగ్గర 1/800 సెకనుకన్నా నెమ్మదించకుండా చూసుకుని, వెలుగు చాలకపోతే ఐఎస్‌ఓ, అంటే సెన్సర్ సున్నితత్వం, పెంచాలి. దానివల్ల ఫొటోలో వచ్చే నాయిస్‌ను, అంటే చుక్కచుక్కల గరుకుదనాన్ని, తరువాత తగ్గించుకోవచ్చు గానీ, చెదిరిన ఈనెను తిరిగి గీయలేము. లెన్స్‌లో స్టెబిలైజేషన్, అంటే చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు, ఉందన్న ధీమా ఇక్కడ పనికిరాదు. చాలా లెన్సులు కెమెరా వంగడాన్ని మాత్రమే సరిదిద్దుతాయి. వస్తువు దగ్గరయ్యేకొద్దీ కెమెరా అటూ ఇటూ జరగడం వల్ల కలిగే మసకే ఎక్కువవుతుంది. ఇక గాలికి పుల్ల ఊగడాన్ని ఏ స్టెబిలైజేషనూ ఆపలేదు.

లక్షణం: ఫోకస్ పడిందని కెమెరా చూపింది, షట్టర్ 1/2000, అయినా కన్ను మసక

అన్నింటికన్నా ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇదే. నాకు కూడా చాలాకాలం అంతుచిక్కనిది ఇదే. పది ఫొటోలు తీస్తే రెండు అద్భుతంగా వస్తాయి, మిగతావి ఎందుకు పోయాయో అర్థం కాదు. చెయ్యి వణికిందనుకుని షట్టర్ స్పీడ్ ఇంకా పెంచుతారు, దాంతో ఐఎస్‌ఓ పెరిగి నాయిస్ వస్తుంది తప్ప మసక పోదు. లెన్స్ మీద అనుమానంతో ఇంట్లో గోడమీద క్యాలెండర్‌ను తీసి చూస్తే అక్షరాలు చక్కగా వస్తాయి. మళ్లీ చెరువు గట్టుకు వెళితే కథ మొదటికొస్తుంది.

అసలు కారణం లెక్క వేస్తే తెలుస్తుంది. వానాకాలంలో మన ఊళ్ల మీద గుంపులుగా తిరిగే పంటాలా ఫ్లావెసెన్స్ అనే తూనీగ దాదాపు 45 మి.మీ. పొడవుంటుంది. అది ఫ్రేములో సగం వెడల్పు ఆక్రమించేలా తీస్తే, సెన్సర్ మీద దాని బొమ్మ అసలు పరిమాణంలో నాలుగో వంతు ఉంటుంది. ఆ స్థాయిలో ఎఫ్/5.6 అపర్చర్ (లెన్స్ రంధ్రం కొలత; అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) దగ్గర స్పష్టంగా కనబడే లోతు, అంటే డెప్త్ ఆఫ్ ఫీల్డ్, సుమారు 4.5 మి.మీ. మాత్రమే. ఎఫ్/8కు వెళ్లినా 6 మి.మీ. చిల్లరే. ఇంకా దగ్గరికి జరిగి బొమ్మను అసలు పరిమాణంలో సగానికి తెస్తే, ఎఫ్/8 దగ్గర కూడా అది 2 మి.మీ.కి పడిపోతుంది.

ఇప్పుడు గట్టు మీద గొంతుక్కూర్చుని, కెమెరా కంటికి ఆనించుకుని ఉన్న మనిషిని ఊహించండి. ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా అతని తల ముందుకూ వెనక్కూ కొన్ని మిల్లీమీటర్లు ఊగుతూనే ఉంటుంది. వరి ఆకు కొసన వాలిన తూనీగ కూడా గాలికి తన వంతు ఊగుతుంటుంది. బటన్‌ను సగం నొక్కగానే ఫోకస్ ఒక దూరం దగ్గర ఆగిపోతుంది. పూర్తిగా నొక్కేసరికి ఆ దూరంలో కన్ను ఉండదు. 1/2000 షట్టర్ ఆ క్షణాన్ని ఏ చలనమూ లేకుండా పట్టుకుంటుంది, అయితే కన్ను ఫోకస్‌లో లేని క్షణాన్నే పట్టుకుంటుంది. మధ్య పాయింటుతో కంటి మీద ఫోకస్ లాక్ చేసి ఆ తరువాత ఫ్రేము సర్దుకునేవారికి ఈ ఎడం మరీ ఎక్కువవుతుంది.

నిర్ధారించుకునే పద్ధతి తేలికే. ఒకే చోటి నుంచి వరుసగా తీసిన ఫొటోలను పక్కపక్కన పెట్టి, పుల్ల మీద స్పష్టంగా ఉన్న భాగం ఎక్కడుందో ఒక్కొక్కదానిలో చూడండి. ఒకదానిలో కంటికి ముందు, మరొకదానిలో వెనక, ఇంకొకదానిలో సరిగ్గా కంటి దగ్గర ఉంటే ఇదే జబ్బు. అన్నింటిలోనూ ఒకే వైపు, ఒకే దూరంలో తప్పుతుంటే అది వేరే సంగతి, చివర చెబుతాను.

పరిష్కారం మొదట కెమెరాలో మొదలవుతుంది. ఒక్కసారి పడి ఆగిపోయే ఫోకస్‌ను వదిలి, నిరంతరం సరిచూసుకునే పద్ధతికి మారాలి. కేనన్‌లో దాన్ని సర్వో అనీ, నికాన్, సోనీలలో ఏఎఫ్-సి అనీ అంటారు. చిన్న ఫోకస్ పాయింట్‌ను నేరుగా కన్ను ఉండే చోటికి జరిపి, ఫ్రేము మళ్లీ సర్దకుండా, మూడు నాలుగు ఫొటోల చొప్పున వరుసగా తీయాలి. మాక్రో లెన్స్‌తో చేత్తో ఫోకస్ చేసేవారు రింగును ఒకచోట ఉంచేసి, శరీరాన్ని మెల్లగా ముందుకు వంచుతూ, కన్ను స్పష్టతలోకి వచ్చి దాటిపోయేదాకా వరుసగా తీయవచ్చు.

రెండవది ఆధారం. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) కెమెరా బరువు మోస్తుంది, కిందికీ పైకీ కదలికను ఆపుతుంది, కానీ ముందుకూ వెనక్కూ ఊగడాన్ని ఆపదు. మనకు చేటు చేసేది సరిగ్గా ఆ ఊగుడే. అందుకే మోనోపాడ్ కొన్నా ఫలితం లేదని చాలామంది వాపోతారు. నేల మీద చతికిలబడి మోచేతులు మోకాళ్ల మీద ఆనించడం, వీలైతే బోర్లా పడుకుని లెన్స్ కింద ఇసుక సంచి పెట్టుకోవడం అంతకన్నా మేలు చేస్తాయి.

మూడవది ఎవరికీ ఇష్టం లేనిది: వెనక్కి జరగడం. బొమ్మ పరిమాణాన్ని సగం నుంచి నాలుగో వంతుకు తగ్గిస్తే లోతు మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. 24 మెగాపిక్సెల్ ఫొటోను తరువాత కొంత కత్తిరించుకున్నా నష్టం లేదు. ఫ్రేము నిండా తూనీగ కావాలన్న తాపత్రయమే సగం ఫొటోలను పాడుచేస్తోంది. ఉన్న కాస్త లోతునూ వృథా చేయకుండా, తూనీగ ఒంటి పొడవుకు కెమెరా వీపు సమాంతరంగా ఉండేలా పక్క నుంచి తీయాలి. రెక్కలు పరచి కూర్చున్నదాన్ని, అవి కూడా స్పష్టంగా కావాలనుకుంటే, పై నుంచి తీయాలి. అపర్చర్ ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఉంచాలి. ఎఫ్/16 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెళ్లే కాంతి చెదరడం) వల్ల మొత్తం ఫొటోయే మెత్తబడుతుంది.

లక్షణం: ఫోకస్ వెనక గడ్డి మీదికి పోవడం

ఫోకస్ ప్రాంతం మరీ వెడల్పుగా ఉంది, లేదా లెన్స్ కనీస దూరం కన్నా దగ్గరికి వెళ్లారు. పాయింటు చిన్నది చేసి, ఒక అడుగు వెనక్కి వేయండి. లెన్స్ మీద ఫోకస్ లిమిట్ స్విచ్ ఉంటే అది దూరపు వస్తువులకే పరిమితమై ఉందేమో చూడండి. ఈ స్విచ్‌ను మరిచిపోవడం ఎంత మామూలో చెప్పనలవి కాదు.

లక్షణం: ఎర్ర తూనీగ ఒంటి మీద గీతలూ కణుపులూ మాయమై ఎర్రటి ముద్దలా కనబడటం

పొలాల దగ్గర తరచుగా కనిపించే క్రోకోథెమిస్ సర్విలియా మగ తూనీగతో ఇది తప్పకుండా ఎదురవుతుంది. కెమెరా పచ్చటి నేపథ్యాన్ని చూసి ఎక్స్‌పోజర్ నిర్ణయిస్తుంది, ఎరుపు ఛానెల్ ఒక్కటే హద్దు దాటిపోతుంది. మామూలు హిస్టోగ్రామ్‌లో (ఫొటోలోని వెలుగునీడలను చూపే గ్రాఫ్‌లో) ఇది తెలియదు, మూడు రంగులనూ విడిగా చూపేదాన్నే చూడాలి. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపులో మూడింట రెండు వంతుల నుంచి ఒక స్టాపు దాకా (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది) తగ్గించి, రా ఫైలుగా, అంటే సెన్సర్ పట్టిన సమాచారమంతా ఉండే ఫైలుగా, తీస్తే కణుపులు తిరిగి కనబడతాయి.

లక్షణం: దగ్గరికి వెళ్లేలోపే ఎగిరిపోవడం

వెంటపడకండి. చాలా తూనీగలు ఎగిరిన పుల్ల మీదికే మళ్లీ వచ్చి వాలతాయి. అది లేచినప్పుడు మీరు ఒక అడుగు ముందుకు వేసి కదలకుండా కూర్చుంటే, అదే మీ దగ్గరికి వస్తుంది. మీ నీడ దాని మీద పడకుండా, ఆకాశానికి ఎదురుగా మీ ఆకారం లేవకుండా వంగి వెళ్లాలి. హైదరాబాద్ బండరాళ్ల మీద, ప్రహరీగోడల మీద వాలే బ్రాడినోపైగా జెమినాటా రాతి రంగులో కలిసిపోయి ఎగిరేదాకా కనబడదు. దాన్ని ఒకసారి లేపాక ఎక్కడ వాలిందో కంటితో వెంబడించి అక్కడి నుంచి మొదలుపెట్టడమే మార్గం.

మిగతావి అరుదు. ముందు చెప్పినట్టు ప్రతి ఫొటోలోనూ ఫోకస్ ఒకే వైపు ఒకే దూరంలో తప్పుతుంటే, డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) వాడేవారు మెనూలో ఏఎఫ్ (ఆటోఫోకస్) సర్దుబాటు చేసుకోవాలి. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఈ బాధ దాదాపు ఉండదు. లెన్స్ ముందు చవక ఫిల్టర్ ఉంటే తీసేసి చూడండి. ఫ్రేములో ఒక పక్క ఎప్పుడూ మసకగానే ఉంటే లెన్స్ లోపలి గాజు పక్కకు జరిగి ఉండవచ్చు. సర్వీస్ సెంటర్‌కు వెళ్లే ముందు ట్రైపాడ్ మీద, కదలని వస్తువును, గాలి లేనిచోట తీసిన ఫొటోలు నాలుగైదు వెంట తీసుకెళ్లండి. ఊగే పుల్ల మీది తూనీగ ఫొటో చూపిస్తే లెన్స్‌లో లోపం ఉందో లేదో వాళ్లు కూడా తేల్చలేరు.