పొగ ఎటు పోతుంది, పాఠం 3: ఎంత ఎత్తున వదలాలి, ఎన్నింటికి వదలాలి

పోయిన పాఠంలో ఉపగ్రహాలు పట్టిన మంటల్ని చూపించే నాసా వాళ్ల ఫర్మ్స్ మ్యాప్‌లో ఎర్ర చుక్కలు చూసి పంజాబ్‌లో సంగ్రూర్ చుట్టుపక్కల వరి కొయ్యకాళ్లు ఎంత తగలబడ్డాయో అంచనా వేశాం కదా, హెక్టారుకి 5 టన్నుల ఎండుగడ్డి, అందులో 85 శాతం కాలింది, కాలిన కిలోకి 6 గ్రాముల పీఎం 2.5 (ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి ధూళి కణాలు) అనుకుంటే హెక్టారుకి దాదాపు 25 కిలోలు తేలింది. ఇవాళ ఆ పొగని గాలిలోకి వదులుదాం.

ముందే ఒకటి గట్టిగా చెప్తున్నా, చుక్కలు ఎన్ని ఉన్నాయన్నది సగం సంగతే, పొగ ఏ ఎత్తులో ఏ టైమ్‌కి బయల్దేరిందన్నది మిగతా సగం. చుక్కల మ్యాప్ ఒక్కటి చూపించి ఇవాళ్టి ఢిల్లీ పొగంతా రైతుదే అనేస్తుంటారు, అది అన్యాయం. పుణెలో వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ల లెక్కల్లోనే ఢిల్లీ పీఎం 2.5లో కొయ్యకాళ్ల వాటా ఒకరోజు 30 శాతం దాటుతుంది, గాలి తిరిగిన రోజు 5 శాతం కూడా ఉండదు.

మనం వాడేది గాలి దారిని లెక్కగట్టే హైస్ప్లిట్ అనే మోడల్, అమెరికా వాతావరణ సంస్థ నోవా వాళ్ల ఎయిర్ రిసోర్సెస్ ల్యాబ్ తయారుచేసింది, వాళ్ల రెడీ వెబ్‌సైట్‌లో ఫ్రీగా రన్ చేసుకోవచ్చు. ట్రాజెక్టరీ (గాలి దారి గీత), అందులో ఫార్వర్డ్ (ఇక్కణ్నుంచి ఎటు పోతుందో చూపేది) ఎంచుకోండి. సంగ్రూర్‌కి 30.25 ఉత్తరం, 75.84 తూర్పు ఇవ్వండి. టైమ్ మాత్రం జాగ్రత్త, అక్కడంతా యూటీసీ అనే అంతర్జాతీయ టైమ్, మన టైమ్‌లోంచి ఐదున్నర గంటలు తీసెయ్యాలి, అంటే మధ్యాహ్నం మూడున్నరకి 10 అని కొట్టాలి. ఆ ఎర్ర చుక్కల్ని పట్టే విర్స్ పరికరం ఉన్న ఉపగ్రహాలు మన మీదుగా పోయేది పగలు ఒంటిగంటన్నర ప్రాంతంలో, కానీ ఇటీవలి ఏళ్లలో చాలా పొలాలు ఆ తర్వాతే అంటుకుంటున్నాయి, అందుకే ఉపగ్రహం టైమ్‌నే మంట టైమ్ అనుకోవద్దు.

ఇక ఎత్తు. 2019-20 ఆస్ట్రేలియా అడవి మంటల పొగ మేఘాలకీ పైనున్న స్ట్రాటోస్ఫియర్ దాకా ఎక్కేసింది, అది వేరే లెవెల్ వేడి. కొయ్యకాళ్ల మంట చిన్నది, కాసేపట్లో ఆరిపోతుంది, ఆ పొగ ఎక్కువగా నేలకి ఆనుకుని కలగాపులగంగా కదిలే గాలి పొరలోనే ఉంటుంది. నవంబర్ మధ్యాహ్నం ఆ పొర మందం కిలోమీటరు అటూఇటూ, రాత్రి 100-200 మీటర్లకి పడిపోతుంది. అంతే పొగ 1000 మీటర్లలో పరుచుకోవడానికీ 200 మీటర్లలో ఇరుక్కోవడానికీ తేడా చూడండి, సాంద్రత ఐదు రెట్లు. అందుకని 100, 500, 1000 మీటర్లు మూడూ ఇచ్చి 36 గంటలకి రన్ చేయండి.

సంగ్రూర్ నుంచి ఢిల్లీ గీత గీస్తే సుమారు 225 కిలోమీటర్లు, వాయవ్యం నుంచి గాలి సెకనుకి 3 మీటర్లు వీస్తే 21 గంటల్లో చేరిపోతుంది, 2 మీటర్లే అయితే 31 గంటలు. కానీ రాత్రిపూట నేల దగ్గర గాలి దాదాపు ఆగిపోతుంది, అదే 500 మీటర్ల దగ్గర నేల రాపిడి వదిలిపోయి స్పీడుగా పోతూనే ఉంటుంది, అందుకే చీకటిపడ్డాక మూడు గీతలూ విడిపోవడం మామూలే. సాయంత్రం పైన మిగిలిపోయిన పొగ రాత్రంతా ఎవరికీ తెలీకుండా ప్రయాణం చేసి, పొద్దెక్కి నేల వేడెక్కాక పొర పెరిగి తనని అందుకున్నప్పుడు కిందకి దిగుతుంది. ఆ రోజు ఢిల్లీ దగ్గర కొత్తగా ఏ మంటా లేకపోయినా కాలుష్యం కొలిచే మీటర్ పెరిగిపోతుంది. నాకైతే ఈ సబ్జెక్ట్ మొత్తంలో ఇంతకన్నా ముఖ్యమైన సంగతి లేదనిపిస్తుంది, ఎందుకంటే జనం బయట తిరిగేది ఆ టైమ్‌లోనే.

అందుకే రన్ చేసేముందు మిక్స్‌డ్ లేయర్ డెప్త్ అనే ఆప్షన్ టిక్ పెట్టండి, గీత పొడుగునా ఆ పొర మందం ఎంతో కూడా వస్తుంది. మ్యాప్ కింద గీత ఎత్తు చూపించే బొమ్మ ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఢిల్లీ మీదుగా పోయేటప్పుడు గీత పొరకి పైన ఉంటే ఆ గంటలో కింద మనిషికి అది తగలనట్టే, పొర లోపల ఉంటే తగులుతుంది.

ఇంకోటి, గీత అంటే పొగ కాదు, ఒక చిన్న గాలి ముద్ద దారి మాత్రమే. ఎంత నమ్మాలో తెలియాలంటే ఎన్సెంబుల్ రన్ చేయండి, వాతావరణ డేటాని కొంచెం అటూఇటూ జరిపి 27 గీతలు ఇస్తుంది, అన్నీ గుంపుగా పోతే ధైర్యంగా చెప్పొచ్చు, చెల్లాచెదురైతే ఢిల్లీకి చేరిందని రాయకండి.

ప్రాక్టీస్‌కి 2019 నవంబర్ 3 తీసుకోండి, ఆ రోజు ఢిల్లీ ఏక్యూఐ (గాలి ఎంత చెడిందో చెప్పే సూచీ) 494. ఈసారి బ్యాక్‌వర్డ్ (గాలి ఎక్కణ్నుంచి వచ్చిందో వెనక్కి చూపేది) ఎంచుకుని ఢిల్లీ, అంటే 28.6, 77.2 నుంచి మధ్యాహ్నం మూడున్నరకి ఒకసారి, రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే 16 యూటీసీకి ఒకసారి, అవే మూడు ఎత్తులతో రన్ చేయండి. ఏ గీత చుక్కల మీదుగా వచ్చిందో, వచ్చిన టైమ్‌లో అది పొర లోపల ఉందో పైన ఉందో రాసి పెట్టుకోండి, వచ్చే పాఠంలో సాంద్రత రన్‌కి ఆ నోట్సే ఇన్‌పుట్.