ఇంపెల్లర్ కాస్టింగ్‌లో లోపాలు తగ్గాలంటే షెల్ ఎలా ఆరబెట్టాలి?

స్టెయిన్‌లెస్ స్టీల్ ఇంపెల్లర్ (పంపులో నీళ్లను తోసే రెక్కల చక్రం) మీద ఫిన్లు (పొడుచుకొచ్చిన పలుచని లోహపు రేకులు), ఇసుక ఇరుక్కున్న గుంటలు కనిపించగానే అందరూ ఫర్నేస్ ఆపరేటర్‌ని తిడతారు. నేను చూసినంతలో ఈ రెండు లోపాలూ ఎక్కువగా షెల్ ఆరబెట్టే గదిలోనే పుడతాయి. షెల్ అంటే మైనం నమూనా చుట్టూ పూతలుగా కట్టే సిరామిక్ అచ్చు; మైనం కరిగించి తీసేశాక లోహం అందులోనే పోస్తాం.

1. మైనం

ప్యాటర్న్లు (ఇంపెల్లర్ ఆకారపు మైనం నమూనాలు) డై నుంచి తీసి, ఒక మైనం కాడకు అతికించి ట్రీ కట్టి, డైకి కొట్టిన సిలికాన్ స్ప్రే జిడ్డు పోయేలా కడగండి. జిడ్డు మీద స్లర్రీ (పూత వేసే చిక్కటి ద్రవం) నిలవదు. అతుకుల దగ్గర సందు వదలొద్దు.

2. పూతలు

మొదటి పూత కొలాయిడల్ సిలికాలో (అతి సన్నని సిలికా రేణువులున్న నీటి బైండర్) కలిపిన జిర్కాన్ (వేడి తట్టుకునే ఖనిజం) పిండి, దాని మీద జిర్కాన్ ఇసుక. తర్వాతి పూతలకు ముతక రకం చాలు. ఇంపెల్లర్‌కి ఏడు పూతలకు తగ్గకూడదు. ఆఖర్న ఇసుక లేని సీల్ కోట్ వేయాలి.

3. ఆరబెట్టడం

పని చెడేది ఇక్కడే. తడి ఆరేటప్పుడు షెల్ చల్లబడుతుంది, లోపలి మైనం కుంచించుకుంటుంది. తడి పోయాక మైనం మళ్లీ గది వేడికి వచ్చి వ్యాకోచిస్తుంది. పూత మాత్రం అప్పటికే బిగుసుకుపోయి ఉంటుంది, అందుకే చిట్లుతుంది. ఆ పగుల్లోకి లోహం దూరితే ఫిన్, లేచిన పొర విరిగి లోహంలో పడితే గుంట.

అందుకే గది రాత్రీ పగలూ 22 నుంచి 24 డిగ్రీల మధ్య కదలకుండా ఉండాలి. కరెంటు బిల్లు కోసం రాత్రి ఏసీ ఆపితే పొద్దున్న ట్రీలన్నీ అనుమానమే. మొదటి పూత ఆరేటప్పుడు తేమ 50 నుంచి 60 శాతం ఉండాలి, ఫ్యాన్ గాలి నేరుగా తగలకూడదు. తర్వాతి పూతలకు గాలి బాగా ఆడనివ్వండి. హీటర్ మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు.

పైన చేయి పెట్టి ఆరిందనుకోవద్దు. బ్లేడ్ల మధ్య ఇరుకు అన్నిటికంటే ఆలస్యంగా ఆరుతుంది. ఒక నమూనా మైనంలో, బ్లేడ్ల మధ్య, థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) గుచ్చి ఉంచండి. పడిపోయిన ఉష్ణోగ్రత మళ్లీ గది ఉష్ణోగ్రత దగ్గరకు వచ్చాకే తర్వాతి పూత. అందాకా ఎవరు తొందరపెట్టినా ట్రీని ముట్టుకోవద్దు.

వాటర్ గ్లాస్ (సోడియం సిలికేట్ బైండర్) షెల్ అయితే త్వరగా గట్టిపడుతుంది, ఖర్చూ తక్కువే కదా అంటారు. పైభాగం నునుపుగా రాదు, గ్రైండింగ్‌లో ఆ మిగులంతా కరిగిపోతుంది. నీళ్లు పారే దారి గరుకుగా ఉంటే పంపు పనితనం పడిపోతుంది. ఇంపెల్లర్‌కి అది పనికిరాదు.

4. మైనం తీయడం

ఆటోక్లేవ్‌లో (ఆవిరి పీడనంతో పనిచేసే మూసిన పాత్ర) లోహం పోసే కప్పు కిందికి ఉండేలా పెట్టి, ఆవిరి పీడనం కొన్ని సెకన్లలోనే 7, 8 బార్లకు చేరేలా చూడండి. షెల్‌ని ఆనుకున్న మైనం ముందు కరిగి కారిపోతేనే లోపలిది వ్యాకోచించడానికి చోటు దొరుకుతుంది. ఆవిరి నిదానంగా ఎక్కితే షెల్ పగులుతుంది. వదిలేటప్పుడు మాత్రం నెమ్మదిగా వదలాలి.

5. కాల్చడం, పోయడం

వెయ్యి డిగ్రీల దగ్గర కాల్చి, చల్లార్చి, నీళ్లతో కడిగి బూడిద తీసేయండి. రంగునీళ్లు పోస్తే పగుళ్లు బయటపడతాయి. చిన్నవైతే సిరామిక్ సిమెంటుతో పూడ్చవచ్చు, బ్లేడ్ల మధ్య ఉంటే ఆ షెల్‌ని పక్కన పడేయాల్సిందే. మిగతావి మళ్లీ వేడిచేసి, బయటికి తీసిన వెంటనే పోయండి. ప్రతి ట్రీకి నంబరు రాసి, అది ఆరిన రోజుల్లో గది ఉష్ణోగ్రత, తేమ పక్కనే నమోదు చేయండి. ఫిన్ వచ్చిన ట్రీ ఏ రాత్రి ఆరిందో అందులో తెలుస్తుంది.