ఫొటోలు తీసే చేత్తో మొదటి వీడియో: మూడు నిమిషాల చిత్రం, షూట్ నుంచి ఎక్స్‌పోర్ట్ దాకా

ఫొటోగ్రఫీ బాగా వచ్చిన మీడియా విద్యార్థులు తీసే మొదటి వీడియోలో ఫ్రేములు అందంగానే ఉంటాయి. ఎడిటింగ్‌కి కూర్చున్నాకే అసలు ఇబ్బంది తెలుస్తుంది. షాట్లు రెండేసి సెకన్లే ఉంటాయి, రంగు షాటుకో రకంగా ఉంటుంది, మాటల వెనక ఫ్యాను హోరు. రా ఫైలు (సెన్సర్ పట్టిన సమాచారం దాదాపు యథాతథంగా ఉండే ఫొటో ఫైలు) అలవాటు చేసిన ధీమా వల్ల వచ్చే తప్పులే వీటిలో చాలావరకు. స్టిల్ రా ఫైలులో ఒక్కో రంగుకి 12 లేదా 14 బిట్ల సమాచారం ఉంటుంది కాబట్టి వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుకి తగ్గట్టు తెలుపుని తెలుపుగా చూపే సెట్టింగ్) తప్పినా ఇంటికొచ్చి దిద్దుకోవచ్చు. మామూలు వీడియోలో ఉండేది 8 బిట్లు, అంటే ఒక్కో రంగుకి 256 మెట్లే. ఎక్కువ లాగితే ఆకాశంలో చారలు పడతాయి. అందుకే వీడియోలో రికార్డ్ బటన్ నొక్కేముందే అన్నీ తేల్చుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లోని ఏటికొప్పాక ఊరి లక్కబొమ్మ తయారీని ఉదాహరణగా తీసుకుందాం. నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి సబ్జెక్టు అరుదు. తిరిగే అంకుడు కర్ర, దాని మీద ఒరుసుకుంటూ వేడికి కరిగే రంగు లక్క, కళాకారుడి చేతులు, చీకటి షెడ్డు, మోటారు చప్పుడు. వీడియోలో ఎదురయ్యే చిక్కులన్నీ ఒకేచోట ఉంటాయి.

ముందు ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని ఫ్రేములు) 25, షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం) సెకనులో 1/50 పెట్టండి. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. 1/50 షట్టర్‌లో సరిగ్గా రెండు మిణుకులు, 1/100లో ఒకటి పడతాయి. 1/60 పెడితే లెక్క కుదరక ఫ్రేము మీద నల్లటి పట్టీలు పాకుతాయి. చవక ఎల్‌ఈడీ దీపాల వెలుగు తగ్గిస్తే 1/50లో కూడా మిణుకు కనిపించవచ్చు. అప్పుడు దీపాన్ని పూర్తి వెలుగులో పెట్టండి, లేదా ఆర్పేసి పనిని కిటికీ పక్కకి జరపమని అడగండి. స్టిల్స్ అలవాటుతో 1/1000 పెడితే తిరిగే కర్ర గీసినట్టు పదునుగా వస్తుంది, కదలిక మాత్రం అదురుతుంది. 1/50లో వచ్చే కాస్త మసకే కంటికి సహజంగా తోస్తుంది.

ఆరుబయట మధ్యాహ్నం ఇదే షట్టర్‌తో చిక్కొస్తుంది. ఎండలో ఐఎస్‌ఓ 100, 1/100కి ఎఫ్/16 సరిపోతుంది. మీకు కావలసింది 1/50, ఎఫ్/2.8 అయితే ఆరు స్టాపుల వెలుగు (ఒక్కో స్టాపుకీ రెట్టింపు, అంటే 64 రెట్లు) ఎక్కువైనట్టే. దానికి లెన్సు ముందు వెలుగును 64వ వంతుకి తగ్గించే ఎన్‌డీ64 ఫిల్టర్ కావాలి. లేకపోతే పొద్దున తొమ్మిదిలోపు తీయండి, లేదా నీడలోకి వెళ్లండి. షట్టర్ పెంచడం ఆఖరి మార్గం.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు. ఎర్ర లక్క ఫ్రేములోకి రాగానే కెమెరా దాన్ని సరిచేయబోయి మొహాల రంగు మార్చేస్తుంది. పగటి వెలుగుకి 5600 కెల్విన్ పెట్టి లాక్ చేయండి. ఫోన్‌తో తీస్తుంటే ఉచితంగా దొరికే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్‌లో ఇవన్నీ చేత్తో పెట్టుకోవచ్చు. ఫోన్ సొంత కెమెరా యాప్ వెలుగును బట్టి ఫ్రేమ్ రేటు మారుస్తూ ఉంటుంది. టైమ్‌లైన్‌లో (ఎడిటింగ్‌లో క్లిప్పులు వరసగా పేర్చే చోట) పెదాలకీ మాటకీ పొంతన తప్పడానికి తరచూ కారణం అదే. అలాంటి ఫైళ్లు ఇప్పటికే ఉంటే ఎడిటింగ్‌కి ముందు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత కన్వర్టర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని మార్చుకోండి.

ప్రతి షాటూ కదలకుండా పది సెకన్లు పట్టాలి. పని మొత్తం ఒకసారి దూరంగా తీశాక చేతులు దగ్గరగా, లక్క కర్రకి తగిలే చోటు ఇంకా దగ్గరగా, తర్వాత మొహం, చివర భుజం మీదుగా కళాకారుడికి కనిపించేది తీయండి. ఈ ఐదూ ఉంటే ఒక పనిని ఎలాగైనా కత్తిరించి అతకొచ్చు. బొమ్మల పనిని మళ్లీ చేయించి తీయడానికి వీల్లేదు. లక్క ఒకసారి పూసేస్తే ఆ క్షణం పోయినట్టే, కాబట్టి ఎన్ని బొమ్మలు చేస్తారో ముందే అడిగి, ఒక్కో బొమ్మకి ఒక్కో కోణం కేటాయించుకోండి.

దృశ్యం బాగా లేకపోయినా జనం చూస్తారు, మాట వినపడకపోతే మాత్రం చూడరు. మాట్లాడించేటప్పుడు మోటారు, ఫ్యాను రెండూ ఆపించండి. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్‌లో, గట్టిగా మాట్లాడినప్పుడు మీటరు మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా చూసుకోండి. విడి రికార్డర్ వాడితే మొదట్లో ఒకసారి చప్పట కొట్టండి, తర్వాత వీడియోకి ఆడియో జత చేయడానికి అదే గుర్తు. మోటారు చప్పుడు విడిగా ఒక నిమిషం, ఎవరూ మాట్లాడని షెడ్డు నిశ్శబ్దం 30 సెకన్లు రికార్డు చేసుకోండి. మాటల మధ్య కోసిన చోట ఆ నిశ్శబ్దమే అతుకు కనపడకుండా చేస్తుంది.

50 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 50 మెగాబిట్లు) రికార్డు చేస్తే నిమిషానికి 375 ఎంబీ పడుతుంది. నలభై నిమిషాల ఫుటేజ్ అంటే 15 జీబీ. అది రెండు డ్రైవుల్లోకి చేరేదాకా కార్డు ఫార్మాట్ చేయకండి.

ఎడిటింగ్‌కి డావించీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు. అయితే లైనక్స్‌లో ఆ వెర్షన్ హెచ్.264 (కెమెరాలు, ఫోన్లు మామూలుగా వాడే వీడియో కుదింపు పద్ధతి) ఫైళ్లు తెరవదు. క్లిప్పులు తెచ్చుకునే ముందే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ 25 పెట్టండి, తర్వాత మార్చనివ్వదు. ల్యాప్‌టాప్ ఆగి ఆగి ఆడిస్తుంటే క్లిప్పుల మీద రైట్ క్లిక్ చేసి జనరేట్ ప్రాక్సీ మీడియా ఎంచుకోండి, ఎడిటింగ్‌కి తేలికైన కాపీలు తయారవుతాయి. విడి ఆడియోని ఆటో సింక్ ఆడియోలో వేవ్‌ఫామ్ ఆధారంగా జత చేయొచ్చు. డిలీట్ కీ నొక్కితే ఖాళీ మూసుకుపోతుంది, బ్యాక్‌స్పేస్ నొక్కితే ఖాళీ అలాగే ఉంటుంది. ఈ తేడా తెలియక మొదటి వారం టైమ్‌లైన్ మొత్తం జరిగిపోతూ ఉంటుంది. ముందు మాటలు వరసగా పేర్చి, వింటే కథ అర్థమయ్యాకే పైన దృశ్యాలు వేయండి.

ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో దొరకని చిక్కు తెలుగు అక్షరాలది. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన పేర్లు యూనికోడ్ (అన్ని సాఫ్ట్‌వేర్లూ గుర్తించే అక్షర పద్ధతి) కావు, ఎడిటర్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో కొట్టి నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లు వాడండి. అప్పటికీ వత్తులు విడిపోయి "ఏటికొప్పాక" కాస్తా "ఏటికొప్‌పాక" అవుతుంటే తప్పు ఫాంటుది కాదు, ఆ టైటిల్ టూలుది. అప్పుడు అక్షరాలు సరిగ్గా చూపించే వేరే సాఫ్ట్‌వేర్‌లో టైటిల్ చేసి, వెనక పారదర్శకంగా ఉండే పీఎన్‌జీగా 1920×1080లో సేవ్ చేసి టైమ్‌లైన్‌లో పెట్టండి. రెండు వరసల సబ్‌టైటిల్‌కి ఇంగ్లిష్ కంటే ఎక్కువ ఎడం కావాలి, లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద పడతాయి.

ఎక్స్‌పోర్ట్‌కి హెచ్.264, 1920×1080, 25 ఫ్రేములు, 12 ఎంబీపీఎస్, ఆడియో ఏఏసీ. మూడు నిమిషాలకి దాదాపు 270 ఎంబీ వస్తుంది. ఆ ఫైలుని ఫోన్‌లో వేసుకుని ఒకసారి ఫ్యాను కింద స్పీకర్లో, ఒకసారి ఇయర్‌ఫోన్లలో చివరిదాకా వినండి. కళాకారుడి పేరు ఆయన రాసుకునే పద్ధతిలోనే ఉందో లేదో సరిచూసి, మొదటి కాపీ ఆయనకే పంపండి.