పరుగులో వాచీ గుండె వేగం తప్పుగా చూపుతోందా? నా అనుభవం

హాయిగా మాట్లాడుతూ పరుగెత్తుతున్నా వాచీ గుండె వేగం 170 దాటినట్టు చూపేది. రీస్టార్ట్, అప్‌డేట్, సెన్సర్ తుడవడం, ఏవీ ఫలించలేదు. ఆ అంకె నిమిషానికి నేను వేసే అడుగులకు దగ్గరగా ఉందని గమనించాక దారి దొరికింది. ఆకుపచ్చ కాంతితో నాడిని చదివే సెన్సర్, చేతి ఊపుకు అదిరి అడుగులనే లెక్కిస్తోంది.

ముందు వాచీని మణికట్టు ఎముక నుంచి రెండు వేళ్ల దూరం మోచేతి వైపు జరిపాను. తర్వాత పట్టీని ఒక రంధ్రం బిగించాను. వాచీని వేలితో నెడితే చర్మం కూడా దానితోపాటే కదలాలి, అదీ సరైన బిగువు. ఆపై చురుగ్గా నడిచి, ఒళ్లు వేడెక్కి, అంకె నిలకడగా ఉన్నాకే పరుగు మొదలుపెట్టాను. మెడ దగ్గర నాడి పట్టి చూస్తే లెక్క సరిపోయింది!

నెమ్మది పరుగులకు ఇది చాలు. వేగం మార్చి మార్చి పరుగెత్తే రోజున మాత్రం గుండె విద్యుత్ సంకేతాన్ని చదివే ఛాతీ పట్టీనే నమ్ముతాను. మణికట్టుపై పచ్చబొట్టు ఉన్నవారికి ఈ పద్ధతి పనిచేయకపోవచ్చు.