సీసా బ్యాక్టీరియా పోసినా అమ్మోనియా తగ్గకపోతే: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

కొత్త చేపల తొట్టి పెట్టి, చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియా తగ్గడానికి షాపువాళ్లు ఇచ్చిన బ్యాక్టీరియా సీసా పోసి, మర్నాడు అమ్మోనియా టెస్ట్ చేస్తే రంగు అలాగే ఉంటుంది. వెంటనే ఇంకో సీసా కొంటారు. దయచేసి ఆగండి. సీసాలో ఉన్నది ప్రాణమున్న జీవులు. పాలలో వేసే తోడు ఎంత మంచిదైనా, పాలు సలసల కాగుతుంటే పెరుగు తోడుకోదు. తొట్టిలో ఆ బ్యాక్టీరియాను ఏది చంపుతోందో, ఏది ఎదగనివ్వడం లేదో పట్టుకోకుండా ఎన్ని సీసాలు పోసినా డబ్బు దండగే, చేపలకు బాధ తప్పదు.

ముందు చేపల సంగతి చూడాలి. పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నా, మొప్పలు ఎర్రబడినా, అడుగున రెక్కలు ముడుచుకుని పడి ఉన్నా, బ్యాక్టీరియా పనిచేసేదాకా అవి ఆగలేవు. మేత ఒకటి రెండు రోజులు ఆపేయండి, ఎయిర్ పంప్ పెంచండి, క్లోరిన్ తీసిన నీళ్లతో మూడో వంతు మార్చండి. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చూపే కొలత) 6.5 కంటే తక్కువ ఉంటే మాత్రం అంత నీళ్లు ఒకేసారి మార్చకండి. ఎందుకో కింద వివరంగా రాశాను.

టెస్ట్ చేసే తీరు కూడా సరిగ్గా ఉండాలి. చుక్కల కిట్‌లో గొట్టాన్ని గీత దాకా నింపి, చుక్కలు వేసి, కిట్ చెప్పినంత సేపూ ఆగాలి. ట్యూబ్‌లైట్ కింద లేత పసుపు కూడా ఆకుపచ్చగా కనిపిస్తుంది. పగటి వెలుతురులో, గొట్టం వెనక తెల్లకాగితం పెట్టి చూడండి. తొట్టి నీళ్లతో పాటు కుళాయి నీళ్లనూ పరీక్షిస్తే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

లక్షణం: వారం దాటినా అమ్మోనియా కదలదు, నైట్రైట్ సున్నా

నైట్రైట్ అసలు పుట్టడం లేదంటే, అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే మొదటి మెట్టు బ్యాక్టీరియా లేనట్టే. ముందు లేబుల్ చదవండి. నైట్రోసోమోనాస్, నైట్రోస్పైరా అన్న పేర్లుంటే అది అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే రకం. బాసిల్లస్ సబ్టిలిస్, బాసిల్లస్ లైకెనిఫార్మిస్ లాంటివే ఉంటే అది అడుగున చేరిన చెత్తను కుళ్లబెట్టి కరిగించే రకం. రెండోది చెడ్డదేమీ కాదు, కానీ దాని పని వేరు. నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేది నైట్రోబ్యాక్టర్ అని చాలాకాలం అనుకున్నారు. మంచినీటి అక్వేరియాల్లో ఆ పని చేస్తున్నది ముఖ్యంగా నైట్రోస్పైరా జాతి అని 1998లో వచ్చిన పరిశోధన చూపించింది. అందుకే రెండింటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే నైట్రోస్పైరా పేరున్న సీసానే తీసుకుంటాను.

బాసిల్లస్ గట్టి పెంకులాంటి స్పోరుల్లో నిద్రపోయి, పొడి ప్యాకెట్‌లో కూడా చాలాకాలం బతుకుతుంది. నైట్రోసోమోనాస్‌కు, నైట్రోస్పైరాకు ఆ వెసులుబాటు లేదు. మే నెల ఎండలో కొరియర్ బండిలో తిరిగొచ్చిన సీసా, రోడ్డు పక్క షాపులో అద్దం వెనక ఎండకు కాగిన సీసా పైకి బాగానే కనిపిస్తాయి, లోపల ప్రాణం మిగలదు. తయారీ తేదీ దగ్గరలో ఉన్నది, నీడలో ఉంచినది అడిగి తీసుకోండి. ఫ్రిజ్‌లో పెట్టమని రాసి ఉంటే పెట్టండి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు.

సీసా బతికి ఉందో లేదో తేల్చుకోవడానికి బకెట్ పరీక్ష చేయవచ్చు. రెండు బకెట్లలో పదేసి లీటర్ల బోరు నీళ్లు, ఒక్కో కొత్త స్పాంజ్, ఒక్కో ఎయిర్ స్టోన్. ల్యాబ్ కెమికల్స్ షాపులో దొరికే అమ్మోనియం క్లోరైడ్ 3.8 గ్రాములు లీటరు నీళ్లలో కలిపి, అందులోంచి 10 మిల్లీలీటర్లు ఒక్కో బకెట్‌లో పోస్తే దాదాపు 1 పీపీఎం (లీటరుకు 1 మిల్లీగ్రాము) అమ్మోనియా వస్తుంది. ఒక దాంట్లోనే బ్యాక్టీరియా వేసి, వారం పది రోజులు రెండూ పరీక్షిస్తూ పోల్చండి. అమ్మోనియా తగ్గుతూ నైట్రైట్ కనిపిస్తే సీసా మంచిదే, లోపం తొట్టిలో ఉంది. రెండు బకెట్లూ ఒకేలా ఉండిపోతే ఆ సీసాను పక్కన పడేయండి.

మంచి సీసా అయినా ఓపిక కావాలి. ఈ బ్యాక్టీరియా అన్నీ కుదిరితేనే ఒక రోజు అటూ ఇటుగా రెట్టింపవుతుంది. దీన్ని నీళ్లలో పోసి వదిలేసే బదులు, ఫిల్టర్ స్పాంజ్ మీదే పోయడం మేలు. అది అంటుకుని బతికే చోటు అదే. తెలిసినవాళ్ల ఇంట్లో ఏడాదిగా నడుస్తున్న ఆరోగ్యమైన తొట్టి ఉంటే, అక్కడి స్పాంజ్ ముక్క అడిగి తడి ఆరకుండా తెచ్చుకోండి. నన్నడిగితే ఏ సీసా కంటే అదే మిన్న.

లక్షణం: మొదట్లో తగ్గింది, తర్వాత మళ్లీ పెరిగి ఆగిపోయింది, పీహెచ్ కూడా పడిపోయింది

ఇది మన ఇళ్లలో ఎక్కువ. 20 లీటర్ల క్యాన్ నీళ్లు శుభ్రమైనవి కదా అని తొట్టిలో పోస్తారు. ఆర్‌ఓలో వడకట్టిన ఆ నీళ్లలో కార్బొనేట్ కాఠిన్యత, అంటే పీహెచ్ పడిపోకుండా నిలబెట్టే కేహెచ్, దాదాపు ఉండదు. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను మార్చడానికి ఈ బ్యాక్టీరియా ఏడు మిల్లీగ్రాములకు పైగా ఆల్కలినిటీని (కేహెచ్ చూపేది దీన్నే) ఖర్చు చేస్తుంది. అది అయిపోగానే పీహెచ్ జారుతుంది. 6.5 దిగితే పని మందగిస్తుంది, 6 దగ్గర దాదాపు ఆగిపోతుంది. ఆ నీళ్లలో కొత్త సీసా పోసినా ఫలితం అంతే.

ఇక్కడే అసలు ప్రమాదం పొంచి ఉంది. కిట్ చూపేది మొత్తం అమ్మోనియా. అందులో అమ్మోనియం అయాన్‌గా ఉన్న భాగం పెద్దగా హాని చేయదు, విషం అమ్మోనియా వాయువుగా ఉన్న భాగమే. 28 డిగ్రీల నీళ్లలో, పీహెచ్ 6.2 ఉంటే, మొత్తం 4 పీపీఎం ఉన్నా విషభాగం 0.005 కూడా ఉండదు. చేపలు తిరుగుతూనే ఉంటాయి. 4 పీపీఎం చూసి కంగారుపడి సగం నీళ్లు తీసి బోరు నీళ్లు పోశారనుకోండి. మొత్తం 2కి దిగుతుంది. కానీ పీహెచ్ 7.8కి ఎక్కితే విషభాగం 0.08 దాటుతుంది, అంటే పదిహేను రెట్లకు పైనే. 0.05 దగ్గరే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. నీళ్లు మార్చిన సాయంత్రమే చేపలు వరసగా పోయాయంటే చాలాసార్లు కారణం ఇదే, బోరు నీళ్లలో ఏదో కలిసిందని అనుకోవాల్సిన పనిలేదు.

కాబట్టి ఇలాంటి తొట్టిలో రోజుకు పదో వంతు మాత్రమే మార్చండి. అమ్మోనియా 1 పీపీఎం లోపుకు వచ్చాకే కేహెచ్ పెంచండి. వంట సోడా 100 లీటర్లకు 3 గ్రాములు వేస్తే కేహెచ్ ఒక డిగ్రీ పెరుగుతుంది. నీళ్లలో కరిగించి, రోజుకు ఒక డిగ్రీ చొప్పున 4 దాకా తీసుకెళ్తే చాలు. తర్వాత క్యాన్ నీళ్లలో కొంత బోరు నీళ్లు కలుపుతూ ఉంటే మళ్లీ పడిపోదు. కేహెచ్ నిలబడ్డాక పోసిన సీసా దక్కుతుంది.

లక్షణం: నీళ్లు పాలలా తెల్లబడ్డాయి, తెల్లవారుజామున చేపలు పైన తేలి గాలి మింగుతున్నాయి

భీమవరం, కైకలూరు వైపు ఆక్వా మందుల షాపుల్లో చెరువుల ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా పొడి) కిలో ప్యాకెట్లలో దొరుకుతుంది. రైతులు దాన్ని బెల్లం, తవుడుతో పులియబెట్టి రొయ్యల చెరువుల్లో చల్లుతారు. అక్కడ నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుంటాయి. అదే మిశ్రమాన్ని రెండడుగుల తొట్టిలో పోస్తే, బెల్లం తిన్న బ్యాక్టీరియా గంటల్లో విపరీతంగా పెరిగి నీళ్లలోని ఆక్సిజన్ లాగేస్తుంది. అమ్మోనియాను తన ఒంట్లోకి తీసుకుంటుంది కాబట్టి టెస్ట్‌లో కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది కూడా. బెల్లం అయిపోయి అది చచ్చి కుళ్లితే, తీసుకున్న అమ్మోనియా తిరిగి నీళ్లలోకే వస్తుంది. నైట్రోసోమోనాస్‌కూ ఆక్సిజన్ కావాలి. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు నాలుగున్నర మిల్లీగ్రాముల దాకా పడుతుంది. ఆ గాలి వేరేవాళ్లు తినేస్తే అదీ నీరసిస్తుంది.

ఎయిర్ పంప్ రాత్రంతా నడపండి, పొడి, బెల్లం, మేత అన్నీ ఆపండి, మూడో వంతు నీళ్లు మార్చండి. తెల్లదనం సాధారణంగా కొద్ది రోజుల్లో తనంతట తనే విడుతుంది. విడిపోవడానికి ఇంకో మందు వేయకండి.

లక్షణం: అమ్మోనియా సున్నా, నైట్రైట్ మాత్రం ఎక్కువ

ఇది మంచి సూచనే, మొదటి మెట్టు నడుస్తోంది. రెండోది ఆలస్యంగా అందుకుంటుంది. ఈలోగా నైట్రైట్ రక్తంలోకి వెళ్లి ఆక్సిజన్ మోయనివ్వదు, మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి. లీటరుకు అర గ్రాము ఉప్పు వేస్తే అందులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోంచి లోపలికి పోనివ్వకుండా అడ్డుకుంటుంది.

లక్షణం: ఫిల్టర్ కడిగాక, మందు వేశాక, లేక కరెంటు పోయి వచ్చాక అమ్మోనియా పెరిగింది

కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు బ్యాక్టీరియా పోతుంది. నీళ్లు మార్చినప్పుడు తీసిన తొట్టి నీళ్లలోనే స్పాంజ్‌ను రెండుసార్లు పిండండి, అంతకంటే శుభ్రం అక్కర్లేదు. మిథిలీన్ బ్లూ, యాంటీబయాటిక్‌లు వాడాల్సి వస్తే చేపను వేరే డబ్బాలోకి తీసి వాడండి. యూవీ లైట్ ఉంటే సీసా పోశాక రెండు రోజులు ఆపండి. అమెరికాలో ఉన్నవాళ్లు ఇంకోటి గమనించాలి. శాన్‌ఫ్రాన్సిస్కో, డాలస్ లాంటి చోట్ల నీళ్లలో క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) కలుపుతారు. మామూలు యాంటీ క్లోరిన్ చుక్కలు అందులో క్లోరిన్‌ను తీసేసి అమ్మోనియాను వదిలేస్తాయి. దాన్ని కూడా పట్టుకునే రకం వాడాలి.

కరెంటు గంటల తరబడి పోతే మూసి ఉన్న క్యానిస్టర్ ఫిల్టర్‌లో ఆక్సిజన్ అయిపోయి లోపల కుళ్లుతుంది. వచ్చీరాగానే స్విచ్ వేస్తే ఆ కుళ్లు నీళ్లన్నీ తొట్టిలోకి వస్తాయి. ముందు మూత తీసి ఆ నీళ్లు పారబోసి, తొట్టి నీళ్లతో కడిగి పెట్టండి. కరెంటు కోతలున్న ఊళ్లో బ్యాటరీ ఎయిర్ పంప్‌తో నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఒకటి అదనంగా ఉంచుకోండి. కరెంటు పోయినప్పుడూ అందులోని బ్యాక్టీరియాకు గాలి అందుతూనే ఉంటుంది.