ఓట్స్, కొబ్బరి బిస్కెట్లు మన బెల్లంతో

శనివారం గుడ్డు ముట్టని ఇల్లు మాది. తిరుపతిలో అలాంటి ఇళ్ళకు కొదవేముంది! అందుకే మెల్‌బోర్న్‌లో ఉండే మా ఆడపడుచు కూతురు ఆంజాక్ బిస్కెట్లలో గుడ్డు పడదనగానే నాకు హుషారొచ్చింది. ఆంజాక్ అంటే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనిక దళం. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 25న వాళ్ళు టర్కీలోని గల్లిపోలి తీరంలో దిగారు. ఏటా ఆ రోజు దగ్గరపడితే అక్కడ ఇళ్ళల్లో ఇవి చేసుకుంటారట.

గుడ్డు లేకపోయినా పిండిని పట్టి ఉంచేది గోల్డెన్ సిరప్ అనే పంచదార పాకం. దానికోసం షాపులన్నీ తిరగకండి. చిత్తూరు బెల్లం పక్కనే పెట్టుకుని మనకెందుకు ఆ తిప్పలు? 50 గ్రాముల బెల్లం తురిమి, రెండు టేబుల్ స్పూన్ల నీళ్ళు పోసి కరిగించి, తప్పకుండా వడకట్టండి. అడుగున ఇసుక, నలకలు ఉంటాయి. ఒక్క పొంగు రాగానే దించేయాలి. అరిసెలకు పట్టినట్టు ముదురు పాకం పట్టారో, బిస్కెట్ కొరకడానికి సుత్తి కావాలి. బెల్లం ముదురు రంగుదే తీసుకోండి. మరీ తెల్లగా మెరిసేదానికి హైడ్రోస్ అనే, రంగు తెల్లబరిచే రసాయనం వేసి ఉంటారేమోనని నా అనుమానం.

ఓట్స్ 100 గ్రాములు, మైదా 130, ఎండుకొబ్బరి పొడి 80, చక్కెర 100 గ్రాములు కలిపి పెట్టుకోండి. పచ్చికొబ్బరి వద్దు, తడికి బిస్కెట్ మెత్తబడి త్వరగా పాడవుతుంది. ఓట్స్ రేకుల్లా ఉండేవే కావాలి, ఇన్‌స్టంట్‌వి ముద్దయిపోతాయి.

ఉప్పు లేని వెన్న 125 గ్రాములు బెల్లం నీళ్ళల్లోనే వేసి కరిగించండి. నెయ్యి వాడేవాళ్ళకు 100 గ్రాములు చాలు, కానీ ఇంకో స్పూను నీళ్ళు కలపాలి. వెన్నలో ఉండే తడి నెయ్యిలో ఉండదు. అర టీ స్పూను వంటసోడాను ఒక టేబుల్ స్పూను మరిగే నీళ్ళల్లో కలిపి ఇందులో పోయగానే బుస్సున పొంగుతుంది, కాబట్టి గిన్నె పెద్దదే పెట్టుకోండి. ఆ నురగ తగ్గకముందే పొడి పిండిలో పోసి కలిపేయాలి.

నిమ్మకాయంత ఉండలు చేసి, కొంచెం అదిమి, ట్రేలో దూరం దూరంగా పెట్టండి, బాగా పరుచుకుంటాయి. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర 12 నుంచి 15 నిమిషాలు. చిన్న ఓటీజీ ఓవెన్‌లలో వెనకవైపు ముందుగా మాడుతుంది, సగంలో ట్రే తిప్పండి. అంచులు ఎర్రబడితే చాలు. నడిమి మెత్తగా ఉందని కంగారుపడి ఇంకా ఉంచేస్తారు చాలామంది. చల్లారితే అదే గట్టిపడుతుంది. కరకరలాడాలంటే మాత్రం ఇంకో మూడు నిమిషాలు.

పూర్తిగా ఆరాకే డబ్బాలో వేయండి. వానాకాలంలో మెత్తబడితే 150 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు వేడి చేసి ఆరబెట్టండి.